స్టార్ రన్నింగ్ బ్యాక్‌ను ఎలా వాడాలి? ఆష్టన్ జెంటీ 374 క్యారీల మీద చర్చ

నీలిగడ్డి | బాయ్‌సీ, ఐడహో | 2 జనవరి 2025

అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్ ప్లేఆఫ్ ఆట ఫియెస్టా బౌల్ అయి రెండు రోజులైంది, నాకింకా మింగుడుపడటం లేదు. పెన్ స్టేట్ 31, బాయ్‌సీ స్టేట్ 14. మా రన్నింగ్ బ్యాక్ ఆష్టన్ జెంటీ 30 సార్లు బంతి పట్టుకుని పరిగెత్తితే వచ్చినవి 104 యార్డులు. ఇంకెవరికైనా అది మంచి రోజే. అంతకుముందు 13 ఆటల్లో ఒక్కసారి కూడా 125కు తగ్గని కుర్రాడికి మాత్రం కాళ్లు కట్టేసినట్టే. 1988లో బ్యారీ శాండర్స్ పెట్టిన 2,628 యార్డుల రికార్డుకు 27 యార్డుల దూరంలో ఆగిపోయాడు.

నేనిక్కడ తొమ్మిదేళ్లుగా ఉంటున్నాను. మైక్రాన్ పుణ్యమా అని ఊళ్లో మనవాళ్లు బాగానే ఉన్నారు, చాలామందిమి ఆ నీలిరంగు టర్ఫ్‌కి అలవాటుపడిపోయాం. డిసెంబర్ 6న యూఎన్‌ఎల్‌వీతో కాన్ఫరెన్స్ (మా లీగ్) ఫైనల్‌కి స్టేడియంలోనే ఉన్నాను. జెంటీ నిలబడే తీరు టీవీలో చూసినవాళ్లకి తెలుసు. మిగతా బ్యాక్‌లు మోకాళ్ల మీద చేతులు పెట్టి వంగి ఉంటారు. ఇతను నిటారుగా, రెండు చేతులూ కిందికి వదిలేసి, బస్టాపులో బస్సు కోసం చూస్తున్నవాడిలా ఉంటాడు. ఆ రోజు అలాగే నిలబడి, బంతి చేతికి రాగానే లైన్ దాటి 75 యార్డులు పోయాడు. పక్క సీటు పెద్దాయన చేతిలోని కాఫీ అంతా నా షూ మీద ఒలికింది. ఆట అయ్యాక కారెక్కేటప్పుడు గానీ నేను చూసుకోలేదు.

ఇక నా బాధేంటో చెప్తాను. 2023లో ఇతనికి తోడుగా జార్జ్ హొలానీ ఉండేవాడు. ఆ ఏడాది జెంటీకి 220 క్యారీలు, 1,347 యార్డులు. దానితోపాటు 43 పాసులు పట్టి 569 యార్డులు, 5 టచ్‌డౌన్లు (బంతితో చివరి గీత దాటడం) తెచ్చాడు. హొలానీ వెళ్లిపోయాక 2024లో 374 క్యారీలు, 2,601 యార్డులు, 29 టచ్‌డౌన్లు. ఎవరూ తప్పుపట్టలేని లెక్క. కానీ పట్టిన పాసులు 23కి, ఆ యార్డులు 138కి పడిపోయాయి.

అతనికి బంతి ఎక్కువ ఇచ్చారని నేననను. ఎప్పుడూ ఒకే చోట ఇచ్చారంటాను. బంతి అందించే క్వార్టర్‌బ్యాక్ వెనక నిలబెట్టి, ఎదురుగా గోడ కట్టుకున్నాక చేతిలో పెట్టారు. పెన్ స్టేట్‌కి ఆ గోడ కట్టడానికి పది రోజుల టైమ్ దొరికింది. మీరేమంటారు?

బ్రాడీపేట శీను | టస్కలూసా, అలబామా | 2 జనవరి 2025

అన్నా, ఒప్పుకోను. స్టార్ ఉన్నాడంటే బంతి ఇవ్వాల్సిందే, ఆగకుండా ఇవ్వాల్సిందే.

2015లో నేనిక్కడ ఎమ్మెస్ చేస్తున్నాను. మా అలబామా బ్యాక్ డెరిక్ హెన్రీకి ఆబర్న్ మీద 46 క్యారీలు, 271 యార్డులు. వారం తిరక్కుండా మా కాన్ఫరెన్స్ ఎస్‌ఈసీ ఫైనల్లో ఫ్లోరిడా మీద 44 క్యారీలు, 189 యార్డులు. రెండు ఆటల్లో 90 సార్లు! అప్పుడూ ఇలాగే అందరూ గోల పెట్టారు, మనిషిని చంపేస్తున్నారని. ఏమైంది? కాలేజీలో ఏటి మేటి ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ గెలిచాడు. జాతీయ ఫైనల్లో క్లెమ్సన్ మీద ఇంకో 36 క్యారీలు, 158 యార్డులు, 3 టచ్‌డౌన్లు. 45-40తో టైటిల్ మాది. మొత్తం 395 క్యారీలు, 2,219 యార్డులు.

నాలుగో క్వార్టర్‌లో హెన్రీని ఆపాల్సిన డిఫెండర్ల ముఖాలు దగ్గర్నుంచి చూశాను నేను. మొదటి క్వార్టర్‌లో ఎదురెళ్లి గుద్దినవాళ్లే చివర్లో పక్కకి జరిగి చేతులతో లాగుతుంటారు. ఆ ఫలితం 40వ క్యారీకి వస్తుంది. పదో క్యారీలో రెండు యార్డులే వచ్చాయని మానేస్తే ఆ రోజు ఎప్పటికీ రాదు.

ఓరుగల్లు పీఈటీ | హనుమకొండ | 3 జనవరి 2025

నమస్తే అందరికీ. నేను బడిలో పీఈటీని, కబడ్డీ పిల్లలను తయారుచేస్తాను. మా తమ్ముడు అమెరికాలో ఉంటాడు, వాడి పుణ్యాన ఈ ఆట చూడటం మొదలుపెట్టాను. రెండు సందేహాలు. క్యారీ అంటే బంతి పట్టుకుని పరిగెత్తిన ప్రతిసారీ ఒకటి లెక్కేనా? నీలిగడ్డి గారు చెప్పిన గోడ ఏమిటి?

నీలిగడ్డి | 3 జనవరి 2025

మాస్టారూ, మీలాంటివాళ్లు ఇక్కడికి రావడం చాలా సంతోషం.

అవును, క్వార్టర్‌బ్యాక్ బంతిని చేతికి అందిస్తే బ్యాక్ పరిగెత్తిన ప్రతిసారీ ఒక క్యారీ. గాల్లో విసిరితే పట్టుకున్నది వేరే లెక్క, దాన్ని క్యాచ్ అంటారు. ఇక గోడ. బంతి ఉన్నచోటుకి దగ్గరగా, మధ్యలో గుమిగూడి నిలబడే డిఫెండర్లను 'బాక్స్' అంటారు. మామూలుగా ఆరుగురో ఏడుగురో ఉంటారు. రన్ వస్తుందని నమ్మకం కుదిరితే వెనకున్న సేఫ్టీని కూడా ముందుకు తెచ్చి ఎనిమిదో మనిషిని పెడతారు. మనవైపు అడ్డుకునే లైన్‌మెన్ అయిదుగురు, టైట్ ఎండ్ ఒకడు. లెక్క చాలదు. ఎనిమిదోవాడిని రన్నింగ్ బ్యాక్ తనే తప్పించుకోవాలి, లేదా గుద్ది దాటాలి.

జెంటీ ఆ పని అద్భుతంగా చేస్తాడు. అయిదడుగుల తొమ్మిదంగుళాలే, కానీ కిందనుంచి వచ్చే బలం అది. మొదటి దెబ్బ తగిలాక సంపాదించిన యార్డులే 1,900కు పైగా ఉన్నాయి. 2,601లో అంత భాగం, ఒకడు మీద పడ్డాక!

ఓరుగల్లు పీఈటీ | 3 జనవరి 2025

అర్థమైంది, ధన్యవాదాలు. అయితే మా ఆటలో ఉన్న బాధే ఇక్కడా ఉంది. మంచి రైడర్ ఒక్కడే ఉంటే ఎదుటి జట్టు మొదటి పది నిమిషాలు అతన్ని చదువుతుంది. ఏ మూల మీదికి పోతాడు, ఏ కాలు ముందు పెడతాడు అన్నీ చూసుకుంటుంది. ఇక గొలుసు కట్టి అతని కోసమే కాచుకుంటుంది. ప్రో కబడ్డీ పదో సీజన్‌లో పవన్ సెహ్రావత్ వంటి రైడర్ మన తెలుగు టైటాన్స్‌లో ఉన్నాడు. అయినా పట్టికలో అట్టడుగున నిలిచాం. ఆ సీజన్ నేను మరచిపోలేను.

నేను మా పిల్లలకు చేసేది ఒక్కటే. నా మంచి రైడర్‌ను వరసగా పంపను. రెండు ఖాళీ రైడ్లు వేరేవాళ్లతో వేయించి డూ ఆర్ డై రైడ్‌కి అతన్ని పంపుతాను. మీ ఆటలో అలా కుదురుతుందా?

పాలో ఆల్టో లక్ష్మి | కాలిఫోర్నియా | 3 జనవరి 2025

మాస్టారి మాట నాకు చాలా నచ్చింది. మీరడిగిన డూ ఆర్ డైకి ఈ ఆటలో దగ్గరగా వచ్చేది ఫోర్త్ డౌన్, అంటే పది యార్డులు పోవడానికి ఇచ్చే నాలుగు ప్రయత్నాల్లో ఆఖరిది. దానికి ఒక కథే ఉంది, తర్వాత చెప్తాను.

ముందు నీలిగడ్డి గారికి నా ఓటు. 2015 స్టాన్‌ఫర్డ్ క్రిస్టియన్ మెకాఫ్రీని గుర్తు చేసుకోండి. 337 క్యారీలతో 2,019 యార్డులు, అవి కాక 45 క్యాచ్‌లతో 645 యార్డులు, ఆపైన కిక్ రిటర్న్‌లు. అన్నీ కలిపి 3,864 యార్డులు. 1988 నుంచి చెక్కుచెదరని శాండర్స్ 3,250 రికార్డును దాటేశాడు. మెకాఫ్రీ ఎక్కడ నిలబడతాడో స్నాప్ (బంతి ఆటలోకి వచ్చే క్షణం) దాకా ఎవరికీ తెలిసేది కాదు. ఒకసారి వెనక, ఒకసారి పక్కన, ఇంకోసారి స్లాట్‌లో, అంటే లైన్‌కీ అంచున ఉండేవాడికీ మధ్య, పాస్ పట్టే రిసీవర్‌గా. స్లాట్‌లోకి వెళ్తే అతని వెంట బాక్స్‌లో ఉండే లైన్‌బ్యాకర్ రావాలి. వాడేమో బరువైనవాడు, మైదానం మధ్యలో మెకాఫ్రీ వెనక పరిగెత్తలేడు. పోనీ రిసీవర్లను కాచే కార్నర్‌ను పంపితే బాక్స్‌లో బలం తగ్గి వేరేవాళ్ల రన్‌కి దారి దొరుకుతుంది. స్టార్ బంతి ముట్టుకోకుండానే పని జరిగిపోతుంది.

జెంటీ ఇదంతా చేయగలడని 2023లోనే చూపించాడు కదా. పట్టే చేతులున్నవాడిని పక్కకి పంపకపోతే ఎలా?

బ్రాడీపేట శీను | 3 జనవరి 2025

లక్ష్మి గారూ, మీరు చెప్పింది బాగుంది, కానీ స్లాట్‌లోకి జెంటీని పంపితే వెనక ఎవరు నిలబడతారు? 2023లో హొలానీ ఉన్నాడు, కుదిరింది. ఈసారి ఆ స్థాయివాడు రెండోవాడు లేడు. రెండో బ్యాక్ లేని జట్టుకు మెకాఫ్రీ ప్లేబుక్ ఇస్తే ఏం లాభం?

నీలిగడ్డి అన్నా, ఎక్కువ ఇవ్వడం తప్పంటే శాండర్స్ ఏమయ్యాడు? 1988లో 11 ఆటల్లో 344 క్యారీలు. ఆటకు 31 పైనే. జెంటీకి 14 ఆటల్లో 374, అంటే ఆటకు 27 కూడా లేవు. శాండర్స్ అంత మోసి కూడా క్యారీకి 7.6 చొప్పున తెచ్చాడు.

ఫ్రిస్కో నాన్న | ఫ్రిస్కో, టెక్సస్ | 4 జనవరి 2025

చాలా రోజులుగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి. జెంటీ చదివింది మా ఊళ్లోనే, లోన్ స్టార్ హైస్కూల్లో. వాళ్ల నాన్న నేవీలో ఉండటంతో ఇటలీలో నేపుల్స్‌లో కొన్నాళ్లు ఉండి ఇక్కడికి వచ్చారు. ఫ్రిస్కోలో మన తెలుగువాళ్లు ఎంతమంది ఉన్నారో మీకు తెలియంది కాదు. మా పిల్లలకు జెంటీ అంటే మా వీధి అన్నయ్య లెక్క.

మా వాడికి పదిహేనేళ్లు. వేరే స్కూలు, జేవీ (జూనియర్) జట్టులో రన్నింగ్ బ్యాక్. బాగా ఆడతాడు. బాగా ఆడతాడు కాబట్టే ఈ సంగతి రాస్తున్నాను.

పోయిన అక్టోబర్‌లో ఒక ఆటలో వాడికి 29 సార్లు బంతి ఇచ్చారు. గెలిచారు. స్టాండ్స్‌లో నేనే అందరికంటే గట్టిగా అరిచాను. ఆట అయ్యాక కారెక్కి కూర్చున్నాడు. కారు కదలడం లేదేంటి నాన్నా అన్నాడు. నువ్వు సీట్ బెల్ట్ పెట్టుకోలేదురా అన్నాను. కుడిచేయి భుజం పైకి లేవడం లేదు వాడికి. ఎడమచేత్తో లాగుతున్నాడు, అందడం లేదు. నేను దిగి, అటువైపు వెళ్లి, పసిపిల్లాడికి పెట్టినట్టు పెట్టాను. ఇంటికెళ్లి చొక్కా విప్పితే భుజం నుంచి మోచేతి దాకా నీలంగా కమిలిపోయి ఉంది. వాళ్లమ్మ ఐస్ పెడుతూ ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

ఆ రోజు స్కోరు గుర్తులేదు నాకు. టీవీలో జెంటీ 30వ క్యారీ చూసినప్పుడల్లా ఆ సీట్ బెల్టే గుర్తొస్తుంది. వాడి మీద ఎంత బరువు పెట్టాలో జట్టు గెలుపు ఒక్కటే చూసుకుని తేల్చకూడదు. అంతకుమించి నాకు వ్యూహాలు తెలియవు.

ఫిజియో మాధవి | హైదరాబాద్ | 4 జనవరి 2025

ఫ్రిస్కో అన్నయ్య గారూ, బాబు భుజం ఇప్పుడెలా ఉంది? చేయి పైకెత్తడంలో ఇంకా నొప్పి ఉంటే దయచేసి స్పోర్ట్స్ డాక్టర్‌కి చూపించండి. కమిలిన మచ్చ పోయినంత మాత్రాన లోపల సర్దుకున్నట్టు కాదు.

ఈ రోజు పొద్దున సిడ్నీలో బుమ్రా మైదానం వదిలి స్కాన్‌కి వెళ్లడం చూసి అందరం టెన్షన్ పడ్డాం. సిరీస్‌లో 32 వికెట్లు, 150 ఓవర్లు దాటిపోయాయి. గెలిపిస్తాడనుకున్నప్పుడల్లా బంతి అతనికే ఇచ్చాం. లాగే ఎద్దునే పొడుస్తారని మా తాతయ్య అనేవారు.

రన్నింగ్ బ్యాక్ విషయంలో క్యారీల సంఖ్య సగం కథే. పాస్ ప్లే వచ్చినప్పుడు మీదికి దూసుకొచ్చే లైన్‌బ్యాకర్‌ను ఆపే పని కూడా బ్యాక్‌దే. ఆ గుద్దులు ఏ పట్టికలోనూ ఉండవు. ఇంకొకటి, తేరుకోవడానికి ఇచ్చే రోజులు. నవంబర్ 29న ఒరెగాన్ స్టేట్ మీద 37 క్యారీలు, డిసెంబర్ 6న 32. ఎనిమిది రోజుల్లో 69. తగిలిన దెబ్బకి వాపు తగ్గకముందే అక్కడే మళ్లీ దెబ్బ.

రన్నింగ్ బ్యాక్ మార్కస్ లాటిమోర్ సంగతి ఇక్కడ చాలామందికి తెలిసే ఉంటుంది. సౌత్ కరోలైనాలో 2011లో ఒక మోకాలు, 2012లో రెండోది. క్యారీలు తగ్గించి ఉంటే ఆ గాయాలు కాకపోయేవని నేను చెప్పలేను, ఒక్క చెడ్డ దెబ్బ చాలు. కానీ దెబ్బ తగిలే అవకాశాన్ని ఎన్నిసార్లు ఇవ్వాలన్నది కోచ్ చేతిలో ఉంటుంది.

ఫ్రిస్కో నాన్న | 4 జనవరి 2025

చూపించామండీ. ఇప్పుడు బాగానే ఉంది. అడిగినందుకు చాలా థ్యాంక్స్.

నీలిగడ్డి | 5 జనవరి 2025

శీనూ, నువ్వన్నది ఆలోచించి నిన్న రాత్రి కూర్చుని మొత్తం 14 ఆటలూ రాసుకున్నాను. మీ అందరి ముందూ పెడుతున్నాను.

జెంటీకి 30 లేదా అంతకంటే ఎక్కువ క్యారీలు పడ్డ ఆటలు ఎనిమిది. వాటిల్లో 260 క్యారీలు, 1,401 యార్డులు. క్యారీకి 5.4. మిగతా ఆరు ఆటల్లో 114 క్యారీలు, సరిగ్గా 1,200 యార్డులు. క్యారీకి 10.5!

జార్జియా సదరన్ మీద 20 క్యారీలకే 267, ఆరు టచ్‌డౌన్లు. వాషింగ్టన్ స్టేట్ మీద 26కి 259. యూటా స్టేట్ మీద మొదటి సగంలోనే 13కి 186, తర్వాత కూర్చోబెట్టారు. వయోమింగ్‌లో 19కి 169. అన్నిటికంటే ముఖ్యంగా ఒరెగాన్ మీద 25కి 192, మూడు టచ్‌డౌన్లు. ఆ ఒరెగాన్ రెగ్యులర్ సీజన్ అంతా ఓడలేదు, ప్లేఆఫ్‌కి ఒకటో సీడ్‌గా వచ్చింది. వాళ్ల ఇంట్లో 37-34తో ఆఖరి సెకన్‌లో ఫీల్డ్ గోల్‌కి ఓడాం. అదీ ఒక పంట్ రిటర్న్, ఒక కిక్ రిటర్న్ టచ్‌డౌన్ ఇచ్చుకుని. ఆ రోజు వాడినట్టు జనవరి దాకా వాడి ఉంటే చాలనిపిస్తోంది నాకు.

బ్రాడీపేట శీను | 5 జనవరి 2025

అన్నా, కష్టపడి లెక్కేశావు, కానీ ఇందులో ఒక మెలిక ఉంది. 30 క్యారీలు పడ్డాయి కాబట్టి సగటు తగ్గిందా, సగటు తక్కువగా ఉండి ఆట బిగిసిపోయింది కాబట్టి 30 ఇవ్వాల్సొచ్చిందా? నెవాడా మీద 28-21. అక్టోబర్‌లో యూఎన్‌ఎల్‌వీ మీద 29-24. అలాంటి ఆటలో అతన్ని పక్కన పెడితే ఓడిపోయేవాళ్లం, ప్లేఆఫే ఉండేది కాదు. యూటా స్టేట్ మీద 62-30తో గెలిచారు కాబట్టే 13తో సరిపోయింది. సులువైన ఆటల్లో సగటు ఎక్కువే ఉంటుంది.

ఒరెగాన్ ఒక్కటే నీ వాదానికి నిజమైన బలం. దానికి నా దగ్గర జవాబు లేదు.

నీలిగడ్డి | 5 జనవరి 2025

మెలిక ఉందని ఒప్పుకుంటాను. మరి శాన్ డియేగో స్టేట్ సంగతి? 56-24తో గెలిచిన ఆటలో 31 క్యారీలు. అది బిగిసిన ఆట కాదే. అక్టోబర్ 12 నుంచి నవంబర్ 16 వరకు ఆడిన అయిదు ఆటల్లో ఒక్కదాంట్లోనూ 30కి తగ్గలేదు, మొత్తం 161. నేను అడిగేది ఆ శాన్ డియేగోలాంటి చోట పది తగ్గించమనే. ఆ పది ఫియెస్టా బౌల్‌లో కావాలి నాకు, అవీ స్క్రీన్ పాస్, వీల్ రూట్ లాంటి, బ్యాక్‌కి విసిరే పాసులుగా.

గోదారిగట్టు | సియాటిల్ | 5 జనవరి 2025

అందరూ తగ్గించాలంటున్నారు. నాకు మాత్రం ఆ 27 యార్డులు నిద్రపట్టనివ్వడం లేదు. యూటా స్టేట్ మీద రెండో సగంలో రెండు, మూడు క్యారీలు ఇచ్చి ఉంటే అయిపోయేది. పోర్ట్‌లాండ్ స్టేట్ మీద 11 క్యారీలకే ఆపేశారు. 36 ఏళ్లుగా నిలిచిన రికార్డు అది. బాయ్‌సీ లాంటి జట్టుకు అలాంటి అవకాశం మళ్లీ ఎప్పుడొస్తుంది? హైస్‌మన్‌లోనూ ట్రావిస్ హంటర్ తర్వాత రెండో స్థానమే. ఆ కుర్రాడికి ఆ రెండింటిలో ఒకటైనా దక్కి ఉండాల్సింది.

పాలో ఆల్టో లక్ష్మి | 6 జనవరి 2025

గోదారిగట్టు గారూ, మీ బాధ అర్థమైంది. అయినా బాయ్‌సీ కోచ్ స్పెన్సర్ డేనియల్సన్ ఆ రెండు ఆటల్లో చేసిన పనే ఈ సీజన్ మొత్తంలో నాకు బాగా నచ్చినది. గెలుపు ఖాయమైంది, కూర్చో అన్నాడు. రికార్డు గురించి ఇంకో మాట. శాండర్స్ 2,628లో బౌల్ గేమ్ లేదు, అప్పట్లో బౌల్ యార్డులు సీజన్ లెక్కలో కలిపేవాళ్లు కాదు. హాలిడే బౌల్‌లో కొట్టిన 222 కలిపితే 2,850 అవుతుంది, 12 ఆటల్లో. జెంటీ ఇంకో 27 కొట్టినా ఆ చర్చ ఆగేది కాదు.

ఫోర్త్ డౌన్ కథ చెప్తానన్నాను కదా మాస్టారూ. 2006 జనవరి 4, రోజ్ బౌల్, జాతీయ టైటిల్. యూఎస్‌సీ 38, టెక్సస్ 33. రెండు నిమిషాల పైచిలుకు ఆట మిగిలింది. ఫోర్త్ డౌన్, రెండు యార్డులు కావాలి. ఆ రెండూ వస్తే టైటిల్ యూఎస్‌సీది. ఆ ఏడాది హైస్‌మన్ గెలిచిన రెజీ బుష్ వాళ్ల జట్టులోనే ఉన్నాడు. కానీ మైదానంలో లేడు, సైడ్‌లైన్‌లో నిలబడి చూస్తున్నాడు. బంతి లెండేల్ వైట్‌కి ఇచ్చారు, టెక్సస్ ఆపేసింది. 19 సెకన్లు మిగిలి ఉండగా విన్స్ యంగ్ టచ్‌డౌన్‌తో టెక్సస్ 41-38తో గెలిచింది.

వైట్‌కి ఇవ్వడం తప్పు కాదు. బరువైనవాడు, ఆ రోజు 124 యార్డులు, 3 టచ్‌డౌన్లు కొట్టాడు. కానీ బుష్ పక్కన ఊరికే నిలబడి ఉన్నా ఇద్దరు అతని వైపు చూస్తూ ఉండేవాళ్లు. ఆ ఇద్దరూ కూడా వైట్ మీద పడ్డారు. స్టార్‌కి విశ్రాంతి ఇవ్వాల్సిన చోటు అది కాదు.

ఓరుగల్లు పీఈటీ | 6 జనవరి 2025

లక్ష్మి గారూ, ఇది చదివి మా ఇంట్లో పైకి చదివి వినిపించాను. సోమవారం మా పిల్లలకూ చెప్తాను. మంచి రైడర్ కోర్టులో ఉన్నాడంటేనే ఎదుటివాళ్ల గొలుసు అటు వంగుతుంది. బయట కూర్చోబెడితే ఆ లాభం సున్నా.

ఫిజియో మాధవి | 6 జనవరి 2025

డబ్బు గురించి ఎవరూ అనలేదు. జెంటీ వేరే పెద్ద యూనివర్సిటీకి వెళ్తే చాలా ఎక్కువ వచ్చేదని అందరికీ తెలుసు, అయినా బాయ్‌సీలోనే ఉన్నాడు. అంత నమ్మి ఉన్నవాడి పట్ల జట్టుకు బాధ్యత ఎక్కువ ఉంటుందని నా అభిప్రాయం. కోచ్‌కి వచ్చే ఏడాది ఇంకో బ్యాక్ వస్తాడు, ఆ మోకాళ్లు మాత్రం కుర్రాడికి మళ్లీ రావు.

బ్రాడీపేట శీను | 7 జనవరి 2025

నిన్నంతా ఆఫీసులో ఇదే ఆలోచన. ఒక విషయం నేను మొదటి పోస్టులో రాయలేదు. హెన్రీ 395 మోసిన ఏడాదికి ముందు, 2014లో, అతనికి 172 క్యారీలే. టీజే యెల్డన్‌తో పంచుకున్నాడు. 2013లో అయితే 35. అంటే 2015కి కాళ్లు తాజాగా వచ్చాడు. శాండర్స్ కూడా అంతే, 1987 దాకా థర్మన్ థామస్ వెనకే ఉన్నాడు. హెన్రీ ఈ సీజన్‌లో 30 ఏళ్ల వయసులో ఎన్‌ఎఫ్‌ఎల్ ప్రో జట్టు రేవెన్స్‌కి 1,921 యార్డులు కొట్టాడంటే కాలేజీలో ఒక్క ఏడాదే అంత బరువు మోయడం కూడా కారణమేమో.

కాబట్టి నా మాట కొంచెం మారుస్తాను. ఒక కుర్రాడికి అలాంటి సీజన్ ఒక్కటే ఇవ్వొచ్చు. ఇచ్చిన ఏడాది మాత్రం బిగిసిన ఆటలో చేయి వెనక్కి తీసుకోకూడదు. జెంటీ 2023లో 220 మోశాడు, 2024లో 374. ఇంకో ఏడాది కాలేజీలో ఉంటానంటే నేనే వద్దనేవాడిని.

నీలిగడ్డి | 7 జనవరి 2025

శీనూ, అంత వరకు నీతోనే ఉన్నాను. పెన్ స్టేట్ వాళ్లు నికొలస్ సింగిల్టన్, కేట్రన్ అలెన్ అనే ఇద్దరు బ్యాక్‌లను పెట్టుకుని సీజనంతా పంచి వాడారు. మొన్న మూడో క్వార్టర్‌లో మనం 17-14కి వచ్చాక స్టాండ్స్‌లో మా గొంతులు పోయాయి. కానీ నాలుగో క్వార్టర్‌లో వాళ్ల కాళ్లు తాజాగా ఉన్నాయి, మన కుర్రాడు చొక్కా పట్టుకుని నిలబడ్డాడు. రెండో బ్యాక్‌ను జనవరిలో తయారు చేయలేం, సెప్టెంబర్‌లోనే వాడికి క్యారీలు ఇచ్చి అలవాటు చేయాలి. నేను మొదట రాసినప్పుడు ఇది నాకు తట్టలేదు. స్లాట్‌లోకి పంపడమూ, రెండోవాడిని పెంచడమూ ఒకే పని.

గోదారిగట్టు | 24 ఏప్రిల్ 2025

ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో రేడర్స్! ఆరో పిక్! జెంటీ లాస్ వేగస్ వెళ్తున్నాడు. రికార్డు దక్కకపోతేనేం, చాలా సంతోషంగా ఉంది.

ఫిజియో మాధవి | 25 ఏప్రిల్ 2025

రెండు మోకాళ్లతో, క్షేమంగా. నాకదే చాలు.

పాలో ఆల్టో లక్ష్మి | 1 సెప్టెంబర్ 2025

పాత చర్చను పైకి తెస్తున్నాను, క్షమించండి. నిన్న రాత్రి నాట్రడామ్ మయామీ చేతిలో 27-24తో ఓడిపోయింది. నాట్రడామ్ స్టార్ బ్యాక్ జెరిమయా లవ్‌కి ఎన్ని క్యారీలో చూశారా? పది. 33 యార్డులు. పోయిన డిసెంబర్‌లో ఇండియానా మీద 98 యార్డులు ఒక్క పరుగులో పోయినవాడికి పది! మూడు పాయింట్ల తేడాతో ఓడిన ఆటలో! జనవరిలో మనం ఎక్కువైందని ఏడ్చాం, ఇప్పుడు తక్కువైందని ఏడవాలి.

బ్రాడీపేట శీను | 1 సెప్టెంబర్ 2025

మొదటి ఆట ఆడుతున్న కొత్త క్వార్టర్‌బ్యాక్ ఉన్నాడు, అలాంటప్పుడైనా స్టార్ బ్యాక్ మీద ఆనుకోవాలి కదా. జడారియన్ ప్రైస్ లాంటి రెండోవాడు కూడా వాళ్ల దగ్గర ఉన్నాడు. లవ్‌ను స్లాట్‌లో పెట్టి ప్రైస్‌ను వెనక నిలబెట్టొచ్చు, లక్ష్మి గారి మెకాఫ్రీ లెక్క అచ్చంగా సరిపోయే జట్టు అదే. 18 నుంచి 22 సార్లు లవ్ చేతికి రావాలి, వాటిలో నాలుగైదు గాల్లోంచి. నా అంచనా ఇది.

నీలిగడ్డి | 1 సెప్టెంబర్ 2025

గురువారం మనం సౌత్ ఫ్లోరిడా చేతిలో 34-7తో పోయాం. క్వార్టర్‌బ్యాక్ వెనక జెంటీ లేకపోవడం చూస్తూ కూర్చోవడం కష్టంగా ఉంది. శీను చెప్పిన 18 నుంచి 22 నాకు సమ్మతమే, బిగిసిన ఆటలో 25 దాకా వెళ్లొచ్చు.

ఫ్రిస్కో అన్నా, మీవాడి సీజన్ మొదలైందా?

ఫ్రిస్కో నాన్న | 1 సెప్టెంబర్ 2025

మొదలైందండీ, మొన్న గురువారమే. వేసవిలో వాడే వెళ్లి కోచ్‌ని అడిగాడు, నన్ను రిసీవర్‌గా కూడా వాడండి అని. నేను చెప్పమనలేదు, ఈ చర్చ చదివి వినిపించానంతే. ఈసారి ఇంకో అబ్బాయిని కూడా వెనక నిలబెడుతున్నారు. మొదటి ప్లేకే మావాణ్ని పక్కకి పంపి చిన్న పాస్ వేశారు, తొమ్మిది యార్డులు వచ్చాయి. మొత్తం 12 క్యారీలు, 4 క్యాచ్‌లు. ఆరు పాయింట్ల తేడాతో ఓడిపోయారు, దారి పొడుగునా దాని గురించే మాట్లాడాడు.

సీట్ బెల్ట్ తనే పెట్టుకున్నాడు.